స్పెయిన్‌లోని క్వెంకాలో స్థానికుల ఇంట్లో దిగాలంటే: వీసా కాగితాల నుంచి తాళం తిరిగిచ్చేదాకా

"మాడ్రిడ్ నుంచి పొద్దున వెళ్లి క్వెంకా చూసుకుని సాయంత్రానికి వచ్చేయొచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. వచ్చేయొచ్చు, రైలు గంట లోపే. కానీ అలా వెళ్తే కొండ అంచున వేలాడే ఇళ్ల ముందు ఫొటో దిగడం, ఎండలో మెట్లెక్కడం తప్ప ఇంకేం మిగలదు. పగటి యాత్రికులు ఆరు దాటితే వెళ్లిపోతారు, ఊరివాళ్లు అప్పుడే వీధిలోకి వస్తారు. కనీసం రెండు రాత్రులు ఉండండి. హోటల్లో కాకుండా ఎవరింట్లోనైనా గది తీసుకుంటే ఇంకా మంచిది. అందుకు ఏం సిద్ధం చేసుకోవాలో, ఎక్కడ తేడా వస్తుందో వరసగా చూద్దాం.

ముందు ఊరి స్వరూపం. హూకర్, వేకర్ అనే రెండు నదులు కోసిన లోతైన లోయల మధ్య సన్నటి కొండ మీద పాత ఊరు ఉంటుంది. యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది దీన్నే. కొండ కింద చదునుగా కొత్త ఊరు పరుచుకుని ఉంటుంది. బజారు, సూపర్ మార్కెట్లు, బస్‌స్టాండు అన్నీ కిందే. గది పైనా కిందా అన్నదాన్ని బట్టే మీ ప్రయాణం సుఖమో కష్టమో తేలిపోతుంది.

కావలసినవి

- పాస్‌పోర్టు, షెంజెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు పనికొచ్చే ఉమ్మడి వీసా). జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదువుకుంటూ అక్కడి నివాస అనుమతి కార్డు ఉన్నవాళ్లకు వేరే వీసా అక్కర్లేదు. 180 రోజుల్లో 90 రోజుల దాకా స్పెయిన్‌లో ఉండొచ్చు. పాస్‌పోర్టు, కార్డు రెండూ వెంట ఉండాలి. ఇంగ్లండ్, ఐర్లండ్‌లలో ఉండే భారతీయులకు మాత్రం షెంజెన్ వీసా తప్పదు.
- కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా.
- బస రుజువు (దీని మీదే 1వ మెట్టు).
- రెండు గుండ్రటి పిన్నుల యూరప్ అడాప్టర్. మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడ దూరదు. వోల్టేజి 230, మనదే.
- అరికాలు జారని బూట్లు. పాత ఊర్లో నున్నగా అరిగిన రాళ్ల బాట, వాన పడితే సబ్బు రాసినట్టే ఉంటుంది.
- ఇంట్లో తిరగడానికి చెప్పులు. నేల చల్లగా ఉంటుంది, వట్టి కాళ్లతో తిరగడం అక్కడ అలవాటు లేదు.
- చిన్న సూట్‌కేసు లేదా వీపు సంచి. 23 కిలోల పెట్టెను రాళ్ల బాట మీద ఈడ్చుకుంటూ వెళ్తే చక్రం విరగడం మామూలే.
- ఫోన్‌లో అనువాద యాప్, అందులో స్పానిష్ భాషను నెట్ లేకుండా పనిచేసేలా ముందే దించుకుని.

1. ఎలాంటి బసో తేల్చుకోండి, ఎందుకంటే వీసా కాగితం దాన్ని బట్టే మారుతుంది

మూడు దారులున్నాయి.

మొదటిది డబ్బు కట్టి గది తీసుకోవడం. బుకింగ్ సైట్లలో "హబితాథియోన్" అంటే ఇంట్లో ఒక గది, ఇంటివాళ్లు కూడా అక్కడే ఉంటారు. "పీసో ఎంతేరో" అంటే మొత్తం ఫ్లాటు, అక్కడ మీకు మనిషి కనపడకపోవచ్చు. స్థానికులతో ఉండాలన్నదే మీ ఉద్దేశమైతే మొదటిదే చూడండి. వీసాకు బుకింగ్ ధ్రువీకరణ సరిపోతుంది. రద్దు చేసుకోగలిగే బుకింగే చేయండి, వీసా ఆలస్యమైతే డబ్బు పోదు.

రెండోది తెలిసినవాళ్ల ఇల్లు. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. మిత్రుడు తెల్ల కాగితం మీద "మా ఇంట్లో ఉంటారు" అని రాసి సంతకం పెట్టి పంపితే స్పెయిన్ వీసాకు చెల్లదు. అక్కడ దీనికి "కార్తా దె ఇన్వితాథియోన్" అనే అధికారిక పత్రం ఉంది. మీ మిత్రులు తాముండే చోటి జాతీయ పోలీసు కార్యాలయానికి వెళ్లి, ఇంటి కాగితాలు చూపించి, రుసుము కట్టి దాన్ని తీసుకోవాలి. చేతికి రావడానికి వారాలు పడుతుంది, ఆ తర్వాత అసలు పత్రం మీకు కొరియర్లో రావాలి. కాబట్టి ప్రయాణానికి మూడు నెలల ముందే వాళ్లకు చెప్పండి. ఆ పత్రం బసకు మాత్రమే రుజువు. ఖర్చులకు డబ్బుందని మీరు విడిగా చూపించుకోవాల్సిందే. తలకు రోజుకు ఇంత అని స్పెయిన్ ఒక లెక్క పెట్టింది, అది నెల కనీస వేతనంలో పదో వంతు. 2025లో 118.40 యూరోలు. ఏటా మారుతుంది కనుక దరఖాస్తుకు ముందు ఆ ఏటి అంకె చూసుకోండి.

మూడోది ఉచిత ఆతిథ్యం. కౌచ్‌సర్ఫింగ్, సెర్వాస్ లాంటి వేదికలున్నాయి. సెర్వాస్‌లో ముందు మీ ఊరి సభ్యులు మిమ్మల్ని ముఖాముఖి కలిసి పరిచయ పత్రం ఇస్తారు, బస మామూలుగా రెండు రాత్రులు. మొదటి యూరప్ ప్రయాణంలో వీసా మొత్తాన్ని దీని మీద ఆధారపెట్టొద్దు. తోటపనో ఇంటిపనో చేసి బదులుగా బస తీసుకునే పద్ధతి జోలికి అసలే పోవద్దు. డబ్బు చేతులు మారకపోయినా అది పని కిందికే వస్తుంది, పర్యాటక వీసా మీద కుదరదు.

వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టొచ్చు, 15 రోజుల కన్నా ఆలస్యం చేయకూడదు. పెద్దలకు రుసుము 90 యూరోలు, వీసా దరఖాస్తు కేంద్రం వాళ్ల సేవా రుసుము అదనం. నాలుగు దేశాలు తిరుగుతుంటే ఎక్కువ రాత్రులు ఎక్కడ గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. క్వెంకాలో రెండు రాత్రులు, ప్యారిస్‌లో ఆరు రాత్రులు ఉండేవాళ్లు స్పెయిన్‌కు పెట్టుకుంటే తిరస్కరణను పిలిచి తెచ్చుకున్నట్టే.

2. తేదీలు చూసుకోండి

ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు బాగుంటాయి. క్వెంకా సముద్ర మట్టానికి దాదాపు 950 మీటర్ల ఎత్తులో ఉంది. జనవరిలో రాత్రులు సున్నా కిందికి పోతాయి. జులైలో మధ్యాహ్నం మండినా రాత్రికి పల్చటి స్వెట్టర్ కావాలనిపిస్తుంది.

రెండు పండగలు ప్రత్యేకం. ఈస్టర్ ముందు వారమంతా ఊరేగింపులు. గుడ్‌ఫ్రైడే తెల్లవారుజామున "తూర్బాస్" అని వేలమంది డప్పులు, బాకాలు మోగిస్తూ కొండ ఎక్కుతారు. చూడదగ్గదే, కానీ ఆ రాత్రి పాత ఊర్లో నిద్ర ఉండదు. గదులు నెలల ముందే అయిపోతాయి, ధరలూ పెరుగుతాయి. సెప్టెంబరు 18 నుంచి 21 దాకా సాన్ మతేఓ ఉత్సవం. పెద్ద కూడలి ప్లాథా మయోర్‌లో తాడు కట్టిన పెయ్యలను వదులుతారు, దారులకు కంచెలు కడతారు. ఆ మధ్యాహ్నాల్లో సూట్‌కేసుతో ఆ కూడలి దాటాలనుకోవద్దు.

3. బుక్ చేసే ముందు ఇంటివాళ్లను ఇవి అడగండి

మొహమాటపడొద్దు. చిన్న చిన్న వాక్యాల్లో రాసి స్పానిష్‌లోకి మార్చి పంపండి. పొడుగు వాక్యాలైతే అనువాదంలో అర్థం తిరగబడుతుంది.

- ఇల్లు పాత ఊర్లోనా, కింద కొత్త ఊర్లోనా? ఫొటోలో లోయ కనిపించినంత మాత్రాన పైనే అనుకోవద్దు.
- ఏ వీధి నుంచి లోపలికి రావాలి? అక్కడి నుంచి గదికి ఎన్ని మెట్లు? ఎక్కాలా, దిగాలా? లిఫ్టు ఉందా?

"దిగాలా" అని అడగమంది ఊరికే కాదు. పాత ఊర్లోని అల్ఫోన్సో ఒక్తావో వీధి ఇళ్లు ముందు నుంచి చూస్తే మూడు నాలుగు అంతస్తులే. వెనక వేకర్ లోయ వైపు నుంచి చూస్తే పది దాటుతాయి. కొండవాలుకు అతుక్కుని కిందికి దిగిన ఇళ్లవి, ఊరివాళ్లు సాన్ మార్తీన్ ఆకాశహర్మ్యాలనే అంటారు. గుమ్మంలోంచి నాలుగు అంతస్తులు కిందికి దిగితే మీ గది వస్తుంది. కిటికీ తెరిస్తే కింద లోయ. అమ్మానాన్నలతో వెళ్తుంటే, మోకాళ్ల నొప్పులుంటే ఈ ఒక్క ప్రశ్న మర్చిపోవద్దు.

- గది వెచ్చగా ఉంటుందా? రేడియేటర్లు ఏ వేళల్లో నడుస్తాయి? (అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా అడగాల్సింది.)
- వేణ్నీళ్లు గ్యాస్ మీదా, కరెంటు ట్యాంకు మీదా? ట్యాంకు ఎన్ని లీటర్లు?
- వంటగది వాడుకోవచ్చా? పొయ్యి ఇండక్షనా, గ్యాసా?
- రాత్రి ఎన్నింటి దాకా రావచ్చు? తాళంచెవి ఇస్తారా?
- కుక్క, పిల్లి ఉన్నాయా? ఇంట్లో పొగ తాగుతారా?
- అద్దె నమోదు సంఖ్య ఎంత? 2025 జులై 1 నుంచి స్పెయిన్‌లో ఇలాంటి సైట్ల ద్వారా తక్కువ రోజులకు ఇచ్చే బసలకు జాతీయ నమోదు సంఖ్య ఉండాలి.

జవాబులు ఒక రోజులో, ముక్కుసూటిగా వస్తే మంచి ఇల్లు. "అన్నీ ఉన్నాయి, ఏం ఫర్వాలేదు" అని ఒకే వాక్యం వస్తే మళ్లీ అడగండి, లేదా వేరే ఇల్లు చూసుకోండి. సైట్ బయట డబ్బు పంపమంటే అక్కడితో ఆపేయండి.

4. రైలు టికెట్ తీసేటప్పుడు స్టేషన్ పేరు రెండుసార్లు చదవండి

మాడ్రిడ్‌లో రెండు పెద్ద స్టేషన్లున్నాయి, చమార్తీన్, అతోచా. క్వెంకా మీదుగా పోయే హైస్పీడ్ రైళ్లన్నీ ఒకే చోట నుంచి బయల్దేరవు. ఊరికి ఒకటి ఆ చివర, ఒకటి ఈ చివర. తప్పు స్టేషన్‌కు వెళ్తే రైలు పోయినట్టే. టికెట్ మీద పేరు, పాస్‌పోర్టు సంఖ్య సరిగ్గా ఉండాలి. ఎక్కేముందు సామాన్లు స్కాన్ చేస్తారు కనుక అరగంట ముందే చేరుకోండి. టికెట్లు ముందుగా తీస్తే చవక.

క్వెంకాలో దిగే స్టేషన్ పేరు క్వెంకా ఫెర్నాందో థోబెల్. ఊరికి అయిదారు కిలోమీటర్ల దూరంలో, చుట్టూ ఏమీ లేని చోట ఉంది. 2010లో హైస్పీడ్ లైనుతో పాటు తెరిచారు. నడిచి పోదామనుకోవద్దు. సిటీ బస్సు లైన్ 1 ఊర్లోకి వెళ్తుంది. పాత ఊరికి పోవాలంటే ఎక్కేముందు డ్రైవర్‌ను "సూబె ఆ లా ప్లాథా మయోర్?" అని అడగండి, పైకెళ్తుందా అని. చిల్లర నాణేలు ఉంచుకోండి. రాత్రి చివరి రైలుకు దిగేవాళ్లు బస్సు మీద ఆశ పెట్టుకోకుండా టాక్సీ చెప్పి పెట్టమని ఇంటివాళ్లను ముందే అడగాలి.

ప్రత్యామ్నాయం బస్సు. మాడ్రిడ్ దక్షిణ బస్‌స్టేషన్ (మెందెథ్ ఆల్వరో మెట్రో దగ్గర) నుంచి రెండు, రెండున్నర గంటలు. రైలుకన్నా నెమ్మది, కానీ కొత్త ఊర్లోనే దింపుతుంది. గది కిందే అయితే స్టేషన్ నుంచి ఊర్లోకి వెళ్లే తంటా ఉండదు.

5. ఇల్లు వెతకడం, మొదటి గంట

చిరునామాలో "3 ఇథ్కియెర్దా" అంటే మూడో అంతస్తు, ఎడమ తలుపు. "దెరేచా" కుడి. "బాహో" అంటే నేల అంతస్తు. గేటు దగ్గరి బెల్లు పలక మీద చాలాచోట్ల పేర్లు ఉండవు, అంతస్తు, తలుపు గుర్తే ఉంటుంది. చిరునామాలో అది లేకపోతే బయల్దేరేముందే అడిగి రాసుకోండి. వీధి దీపాల వెలుగులో పది బెల్లులు నొక్కి పదిమందిని లేపడం బాగుండదు.

పలకరింపు "ఓలా" చాలు. రెండు బుగ్గలకూ బుగ్గ ఆనించడం అక్కడి మర్యాద. ఇబ్బందిగా ఉంటే ముందే చెయ్యి చాపండి, నమస్కారమూ బాగానే అర్థమవుతుంది. ఎదుటివాళ్లు ఎంత పెద్దవాళ్లయినా పేరు పెట్టి పిలవమనే అంటారు. అది అగౌరవం కాదు. అయినా డెబ్భై దాటిన పెద్దావిడను పేరుకు ముందు "దోన్యా" పెట్టి పిలిస్తే మొహం విప్పారుతుంది.

వాళ్లు మీ పాస్‌పోర్టు వివరాలు, ఫోను, ఇంటి చిరునామా అడుగుతారు. కంగారు పడొద్దు. బస ఇచ్చేవాళ్లు అతిథుల వివరాలను 24 గంటల్లో ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలని చట్టం. 2024 డిసెంబరు నుంచి ఇంకా ఎక్కువ వివరాలు అడుగుతున్నారు. 14 ఏళ్లు దాటిన ప్రతివాళ్లూ సంతకం పెట్టాలి. పాస్‌పోర్టు చూపించి రాయించండి, జిరాక్సు ఇవ్వాల్సిన పని లేదు. అసలు ఏ వివరమూ అడగకపోతే అదే అనుమానించాల్సిన సంగతి.

బహుమతిగా ఏం తీసుకెళ్లాలి? పాలు, నెయ్యి, మాంసం ఉన్నవి భారత్ నుంచి యూరప్‌లోకి తేనివ్వరు. పాలకోవా, నేతి మిఠాయిలు, కోడి పచ్చడి విమానాశ్రయంలోనే పోతాయి. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కుదరవు. ఏటికొప్పాక లక్కబొమ్మ, కొండపల్లి బొమ్మ, పోచంపల్లి దిండు గలీబు, అరకు కాఫీ పొడి లాంటివి ఏ ఇబ్బందీ లేకుండా వెళ్తాయి.

6. ఇంట్లో మసలుకోవడం: గొడవలొచ్చేది స్నానాల గదిలో, వంటగదిలో

స్నానాల గది నేలకు తూము ఉండదు. నీళ్లు పోయేది షవర్ తొట్టిలోంచే. బకెట్ పెట్టుకుని బయట పోసుకుంటే నీళ్లు గుమ్మం దాటి చెక్క నేల మీదికి వస్తాయి, కింది ఇంటి పైకప్పుకు చెమ్మ చేరుతుంది. పాత ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. షవర్ తెర తొట్టి లోపలి వైపు ఉండేలా లాగండి, బయటికి వేలాడితే తెర వెంట నీళ్లు జారతాయి. స్నానం అయ్యాక బయటి నేలను చేత్తో తడిమి చూడండి, తడి ఉంటే అప్పుడే తుడిచేయండి. మరుగుదొడ్డిలో మనలా జెట్ ఉండదు, ఖాళీ సీసా ఒకటి పెట్టుకుంటే చాలు.

వేణ్నీళ్ల ట్యాంకు 50 లీటర్లయితే ఇద్దరు నిదానంగా స్నానం చేసేసరికి అయిపోతాయి. మళ్లీ కాగడానికి గంటా రెండు గంటలు. నలుగురుంటే ఇద్దరు రాత్రి, ఇద్దరు పొద్దున అని పంచుకోండి. కుళాయి నీళ్లు తాగొచ్చు.

కరెంటు సంగతి అందరూ అడిగేదే: "ఉన్నట్టుండి ఇంట్లో కరెంటు పోయింది, పక్కింట్లో ఉంది, ఏం చేయాలి?" స్పెయిన్‌లో ప్రతి ఇంటివాళ్లూ ఒకేసారి ఎంత వాడుకోవచ్చో కంపెనీతో ఒప్పందం చేసుకుంటారు. చాలా ఇళ్లకు అది 3.45 లేదా 4.6 కిలోవాట్లు. ఇండక్షన్ పొయ్యికి 2, నీళ్ల ట్యాంకుకు 1.5, గదిలో హీటర్‌కు 1.5 కలిపితే 5 అవుతుంది. అంతే, మొత్తం ఆగిపోతుంది. ముందు హీటర్, పొయ్యి ఆపండి. గుమ్మం పక్కన స్విచ్చుల పెట్టె ఉంటుంది. అందులో ఏదైనా మీట కింద పడి ఉంటే పైకెత్తండి. అన్నీ పైనే ఉంటే ఆగింది మీటర్లో అన్నమాట. పెట్టెలోని పెద్ద మీటను దించి, కొన్ని సెకన్లు ఆగి మళ్లీ ఎత్తండి. కరెంటు వచ్చాక ఒక్కొక్కటే వేసుకోండి. అయినా మళ్లీ పడిపోతుంటే ఏదో ఒక వస్తువులో లోపం ఉంది, చేయి పెట్టకుండా ఇంటివాళ్లకు చెప్పండి.

వంట చేసుకుంటామంటే చాలామంది ఒప్పుకుంటారు. మీరు తెచ్చిన అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద వేడెక్కదు. అయస్కాంతం అడుగుకు అంటుకునే గిన్నెలే పనికొస్తాయి. పోపు వేసే ముందే పొయ్యి మీది పొగ ఫ్యాను వేసి కిటికీ తెరవండి. ఎండుమిర్చి ఘాటుకు అలవాటు లేనివాళ్లు ఇల్లంతా దగ్గుతారు. పసుపు చేత్తో తెల్ల రాతి గట్టును తాకితే ఆ మరక పోదు, కింద పేపరు పరిచి చేసుకోండి. అగరొత్తులు, దీపం వెలిగించే ముందు అడగండి.

వేళలు వేరు. మధ్యాహ్న భోజనం రెండు నుంచి మూడున్నర మధ్య, రాత్రి భోజనం తొమ్మిది తర్వాతే. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా వాషింగ్ మెషీన్ వేయకండి, మేడ మీద పిల్లల్ని గెంతనివ్వకండి. చిన్న దుకాణాలు రెండు నుంచి అయిదు దాకా మూసేస్తారు. ఆదివారం చాలా దుకాణాలు తెరవరు కనుక పాలు, రొట్టె, కూరగాయలు శనివారమే తెచ్చుకోండి.

7. తిండి: శాకాహారులు ఏ పేరు నమ్మకూడదు

క్వెంకా వంట వేటగాళ్లది, గొర్రెల కాపరులది. "శాకాహారిని" అని ఊరుకుంటే సలాడ్ మీద ట్యూనా చేప వేసి తెస్తారు, వాళ్ల లెక్కలో అది మాంసం కాదు. ఇలా చెప్పండి: "నో కోమో కార్నె, ని పెస్కాదో, ని అతూన్, ని హమోన్." మాంసం, చేప, ట్యూనా, పంది మాంసం ఏవీ తిననని. గుడ్డు కూడా తినకపోతే "ని వెవో" కలపండి.

మోసపోయే పేర్లు ఇవి. ఆహోఅర్రియెరో చూడ్డానికి వెల్లుల్లి వేసి మెదిపిన బంగాళాదుంపే, అందులో ఎండు కాడ్ చేప ఉంటుంది. మోర్తెరూయెలో ముద్దలా ఉంటుంది, అది పంది కాలేయం, కుందేలు, కౌజు మాంసం కలిపి ఉడికించి నూరింది. గాథ్‌పాచో అంటే చల్లటి టమాటా చారు అనుకుంటాం, కానీ "మంచేగో" అని ఉంటే వేట మాంసంతో చేసిన వేడి కూర. గాచాస్ మన కేసరి పప్పు పిండితో కాచిన జావే, ఆశగా అనిపిస్తుంది, కానీ పంది కొవ్వు లేకుండా చేయడం అరుదు. థారాహోస్ అంటే పుల్లకు చుట్టి వేయించిన గొర్రె పేగులు. మాంసాహారులూ బోటీ ఇష్టమైతేనే అడగాలి.

ధైర్యంగా తినగలిగేవి: పీస్తో (టమాటా, క్యాప్సికమ్, గుమ్మడి జాతి కాయ కూర. పైన గుడ్డు, లోపల ట్యూనా లేవని అడగండి), గుడ్డు తినేవాళ్లకు బంగాళాదుంప తోర్తియా. తీపిలో అలాహు. తేనె, బాదం, రొట్టె పొడి, నారింజ తొక్క కలిపి పాకం పట్టి రెండు పల్చటి అప్పడాల మధ్య పెడతారు. రెసోలీ కాఫీ వాసనతో తియ్యగా ఉంటుంది గానీ మద్యమే.

హోటల్లో పనిదినాల మధ్యాహ్నం "మెనూ దెల్ దీయా" అడగండి. రెండు వంటకాలు, రొట్టె, పానీయం, తీపి కలిపి ఒకే ధరకు, 12 నుంచి 18 యూరోల మధ్య వస్తుంది. సాయంత్రం అదే తిండి విడివిడిగా తీసుకుంటే ఎక్కువవుతుంది.

8. ఊరు చూసే వరస

పొద్దున్నే వేకర్ లోయ మీది సాన్ పాబ్లో ఇనుప వంతెన మీదికి వెళ్లండి. పాత రాతి వంతెన కూలిపోతే 20వ శతాబ్దం మొదట్లో దీన్ని కట్టారు. వేలాడే ఇళ్లు, అంటే కాసాస్ కోల్గాదాస్, తూర్పు ముఖంగా ఉంటాయి. ఎండ నేరుగా పడేది ఉదయమే, మధ్యాహ్నం దాటితే ఫొటో నల్లబడుతుంది. వంతెన నేల చెక్కపలకలు, సందుల్లోంచి లోయ కనపడుతుంది. ఎత్తంటే భయమున్నవాళ్లు ఊరి వైపు కొసనే నిలబడినా ఇళ్లు పక్క నుంచి కనిపిస్తాయి.

తర్వాత ఆ ఇళ్లలోనే ఉన్న స్పానిష్ అమూర్త చిత్రకళా మ్యూజియం. మనీలాలో పుట్టిన చిత్రకారుడు ఫెర్నాందో థోబెల్ 1966లో తెరిచాడు, స్టేషన్‌కు పెట్టింది ఆయన పేరే. ప్రవేశం ఉచితం. సోమవారం సెలవు, మధ్యాహ్నం విరామం, ఆదివారం మధ్యాహ్నంతో మూత. చిత్రకళ పట్టనివాళ్లు కూడా వెళ్లండి, చిత్రాల మధ్య కిటికీలోంచి లోయ కనిపించే గదులు వేరే ఎక్కడా దొరకవు.

కెథీడ్రల్ ప్లాథా మయోర్‌లోనే. బయటి ముఖం అసంపూర్తిగా కనిపిస్తుంది, మరమ్మతు నడుస్తోందనుకోవద్దు. 1902లో గంటల గోపురం కూలాక ముఖభాగాన్ని కొత్తగా మొదలుపెట్టి పూర్తి చేయకుండానే వదిలేశారు. లోపలి రంగు అద్దాలు ఆధునిక చిత్రకారులవి, ఎండ ఉన్నప్పుడే చూడాలి.

భోజనం, కునుకు అయ్యాక సాయంత్రం సాన్ పెద్రో వీధి వెంట పైకి, కోట శిథిలాల దగ్గరి కస్తీయో పేటకు నడవండి. రెండు లోయలూ అక్కడి నుంచి కనపడతాయి. ఎక్కలేనివాళ్లు పైకి టాక్సీలో వెళ్లి కిందికి నడిచి రావచ్చు. చాలామంది దీన్ని తిరగేసి చేసి అలిసిపోతారు.

మూడో రోజు మిగిలితే 30 కిలోమీటర్ల లోపు ఉన్న థియుదాద్ ఎన్‌కంతాదా, గాలీ నీరూ చెక్కిన రాళ్ల అడవి. కారు ఉండాలి. ఇంటివాళ్లు వారాంతంలో అటు వెళ్తుంటారు, పెట్రోలు మీరు పోయిస్తామని అడిగి చూడండి.

9. బయల్దేరే రోజు

దుప్పట్లు, తువాళ్లు తీసి ఒకచోట కుప్ప పెట్టండి. ఫ్రిజ్‌లో మీవి ఏవీ వదలొద్దు. రేడియేటర్ తగ్గించారా, నీళ్ల ట్యాంకు వాళ్లు చెప్పినట్టు ఉంచారా చూడండి. ఏదైనా పగిలినా, మరక పడినా మీరే ముందుగా చెప్పి డబ్బిస్తామనండి. వెళ్లాక వాళ్లకు కనిపిస్తే మాటా పోతుంది, సైట్‌లో మీ పేరు కిందా పడుతుంది. తాళంచెవి చేతికే ఇవ్వాలా, పెట్టెలో వేయాలా అన్నది ముందు రాత్రే తేల్చుకోండి. తలుపు లాగే ముందే జేబు తడుముకోండి, స్పెయిన్‌లో చాలా తలుపులు లాగితే చాలు పడిపోతాయి, బయట నుంచి తిప్పే పిడి ఉండదు.

రైలుకు గంట ముందు ఇంటి నుంచి కదలండి. ఆదివారం, పండగ రోజుల్లో బస్సులు తగ్గుతాయి కనుక ఇంకో అరగంట కలుపుకోండి.